మా ఇంటి గ్రాఫిక్స్ కార్డు టెండరు

మా ఇంట్లో చీపురు కొనాలన్నా మూడు కొటేషన్లు ఉండాలి. ఎగతాళికి అంటున్న మాట కాదు. బీరువా పై అరలో ఫైలుంది, కావాలంటే చూపిస్తాను. అట్ట మీద "చీపుర్లు, కొండచీపురు రకం, రెండు" అని మా ఆయన చేతిరాత. లోపల మూడు కొట్ల రేట్లు, కింద ఒక గీత, గీత కింద ఏ కొట్టు ఎంచారో, ఎందుకు ఎంచారో రెండు వాక్యాలు, ఆ కింద సంతకం, తేదీ. ఆ చీపుర్లు అరిగి పదేళ్లయింది. ఫైలు మాత్రం ఇంకా నిగనిగలాడుతోంది.

మా ఆయన పేరు త్రినాథరావు. గాజువాక దాటాక ఉన్న ఒక ఫ్యాక్టరీలో, కొనుగోళ్ల సెక్షన్లో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఫ్యాక్టరీ పేరు చెప్పను. చెబితే దాని మీద ఒక ఎంక్వయిరీ వేస్తారు, అందులో సాక్షిగా నన్నే పిలుస్తారు. బోల్టుల దగ్గర్నుంచి క్రేన్ల దాకా ఆయన చేతి మీదుగా ఎంత సరుకు వచ్చిందో లెక్కలేదు. ఒక్క పైసా తిన్న మనిషి కాదు. ఆ మాట ఎవరి ముందైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతాను. అయితే అలాంటి మనిషితో కాపురం చేసేదానికి కూడా ఎక్కడో ఒక మెడల్ ఇవ్వాలి.

1996లో నేనొక స్కూటీ అడిగాను. క్వార్టర్స్ నుంచి మార్కెట్టు రెండు కిలోమీటర్లు, మా అమ్మాయి సాయిదుర్గ ట్యూషన్ ఇంకో కిలోమీటరు. ఆయన కాదనలేదు, వెంటనే కొటేషన్లు పిలిచారు. మూడో కొటేషను వచ్చేసరికి మొదటిదాని గడువు దాటిపోయింది. మొదటిది కొత్తగా తెప్పించేసరికి రెండోదాని గడువు దాటిపోయింది. అలా ఒకదాని వెనక ఒకటి తిరుగుతుండగా సాయిదుర్గ ట్యూషన్లు దాటి ఇంజినీరింగులో చేరిపోయింది. నేను నడుస్తూనే ఉన్నాను. ఆ ఫైలూ బీరువాలోనే ఉంది.

అమ్మాయి ఇంజినీరింగు కోసమే 2003లో కంప్యూటర్ కొన్నాం. అది వచ్చిన రోజు మా ఆయన ఆర్డరు కాగితం చేత్తో పట్టుకుని మౌసు, కీబోర్డు, తీగలు ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ దించుకున్నారు. కొట్టువాడు నవ్వుతూ, "పండగ ఆఫరు సార్, ఒక అయిటం ఎక్స్‌ట్రా యేసినాం, ఫ్రీ," అన్నాడు. ఆర్డరులో లేనిది నేను తీసుకోకూడదు అన్నారు మా ఆయన. తిరిగి తీసుకెళ్లడం నా వల్ల కాదు అన్నాడు వాడు. చివరికి డబ్బా వెనక, కాగితంలో లేని రంధ్రం ఒకటి ఎక్కువ ఉందని కనిపెట్టి, దాని మీద తెల్ల కాగితం అంటించి, సంతకం పెట్టి, డబ్బాను గోడవైపు తిప్పి పెట్టారు. పక్కన మూత చెదరకుండా కొట్టువాడు అంటించిన వెండిరంగు సీలు ఒకటి ఎలాగూ ఉంది. నాకు అప్పట్లో కంప్యూటర్‌తో పనేమిటి, నేను దానికి కుట్టుపని చేసిన ముసుగొకటి వేసి ఊరుకున్నాను.

రెండేళ్లకు సాయిదుర్గ కాలేజీ హాస్టల్లోనే ఉండిపోవడం మొదలుపెట్టింది. ముసుగు కింద కంప్యూటర్, మధ్యాహ్నం పూట నేను, ఇద్దరం ఖాళీ. మా తమ్ముడు అర్జునరావు ఒకరోజు కార్ల రేసు సీడీ తెచ్చి వేశాడు. "ఈ బాణం గుర్తులు నొక్కక్కా, అదే ఎల్లిపోద్ది," అన్నాడు. నొక్కాను. వెళ్లిపోయింది.

ఇది చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. నలభై ఆరేళ్ల వయసులో, పప్పు కుక్కర్లో పెట్టి, ఎర్ర కారు వేసుకుని సముద్రం పక్కన కొండ రోడ్డు మీద నూటయాభై స్పీడులో వెళుతుంటే నాకు ఎంత సంతోషం వేసిందంటే, మూడు విజిళ్లు వచ్చినా వినపడలేదు. పప్పు మాడింది. బండి నా చేతిలో కదిలింది. అంతకు ముందు జీవితంలో నా చేతిలో కదిలిన చక్రం కుట్టుమిషనుదే.

కష్టం ఒక్కటే. మా కంప్యూటర్లో ఆ రోడ్డు ముక్కలు ముక్కలుగా వచ్చేది. ముందు గుద్దుకోవడం, తర్వాత గోడ కనపడటం. మలుపు తిరిగాక మలుపు కనిపించేది. ఆ గుడ్డి తోవలోనే ఆరు నెలలు తోలాను.

2006 నవంబరులో ఫ్యాక్టరీ వార్షికోత్సవాలకు మా కాలనీ క్లబ్బువాళ్లు కొత్తగా కంప్యూటర్ కార్ల రేసు పోటీ పెట్టారు. ఆడవాళ్లకు ఇరవై ఏళ్లుగా చెంచాలో నిమ్మకాయ, కుర్చీలాట, ముగ్గులు ఉండేవి. ఈ పోటీకి మాత్రం "ఉద్యోగులు, కుటుంబ సభ్యులు ఎవరైనా" అని బోర్డు మీద రాశారు. అదే ఆట, కొత్త భాగం, కొండ రోడ్డు మాత్రం పాతదే. ఆ బోర్డు ముందు నిలబడి మూడుసార్లు చదివాను. నాకు గెలవాలనిపించింది. చెంచా నిమ్మకాయలో మూడో బహుమతిగా ఇప్పటికి నాలుగు స్టీలు గిన్నెలు తెచ్చుకున్నాను, అవి చాలు. పేరిచ్చేశాను. పోటీకి ఇరవై ఐదు రోజులుంది.

కొత్త భాగం మా కంప్యూటర్లో అసలు తెరుచుకోనే లేదు. నల్ల తెర వచ్చి ఆగిపోయింది. అర్జునరావు చూసి, గ్రాఫిక్స్ కార్డు ఉండాలక్కా, బొమ్మ గియ్యడానికి దీనికి సత్తువ లేదు అన్నాడు. పాత పోస్టాఫీసు దగ్గర నిసార్ అని ఒకాయన కొట్టుందని, అక్కడ అరగంటలో పనైపోతుందని చెప్పాడు. మా కింద వాటాలో ఉండే ఎల్లారావు గారు కూడా అక్కడే కొన్నారట. ఎల్లారావు గారు ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో పెద్ద మనిషి. ఆయనా పోటీకి పేరిచ్చారు.

సాయంత్రం మా ఆయన కాఫీ తాగుతుండగా కదిపాను. "ఏటండీ, ఆదివారం టౌన్లోకెళ్లి ఆ కార్డేదో కొనుక్కొచ్చీద్దామా?"

"ఏ కొట్లో?"

"పాత పోస్టాఫీసు దగ్గిర. నిసార్ గారని."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఒక్క కొట్టుకెళ్లి కొనీడమేటే? రేపు ఎవులైనా అడిగితే?"

"మనింటికొచ్చి ఎవులు అడుగుతారండీ?"

"అడిగీవోళ్లు సెప్పి రారు," అన్నారు. అని లేచి వెళ్లి కొత్త ఫైలు అట్ట తీశారు.

ఆదివారం ఉదయం పది గంటలకు మా హాల్లో కమిటీ కూర్చుంది. అధ్యక్షులు మా ఆయన. టెక్నికల్ మెంబరు అర్జునరావు. వాడు గాజువాకలో ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు మూడు నెలలు చదివాడు కాబట్టి ఆ పదవి. ఫైనాన్స్ మెంబరు ఎల్లారావు గారు.

"అన్నయ్యగారూ, మీరూ పోటీలో ఉన్నారు కదా. మీరెలా కూకుంటారు?" అని అడిగాను.

"ఫైనాన్స్ ఫైనాన్సేనమ్మా, రేసు రేసే," అన్నారాయన పకోడీ తుంచుతూ.

ఆ హాల్లో ఆ ఆట కోసం కార్డు కావలసింది నాకొక్కదానికే. అందుకే నాకు కమిటీలో చోటు లేదు. వస్తువు వాడేవాళ్లు అవసరం చెప్పి బయటికి వెళ్లిపోవాలట, లేకపోతే పక్షపాతం అవుతుందట. "రోడ్డు కనపడాలి" అని నా అవసరం చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను.

రెండు గంటల తర్వాత బయటికొచ్చిన కాగితం చూస్తే నాకు కళ్లు తిరిగాయి. రోడ్డు మాట ఎక్కడా లేదు. అర్జునరావు తనకెన్ని పెద్ద అంకెలు తెలుసో అన్నీ అందులో వేయించాడు. "కొత్తది రాయీ బావా, లేటెస్టు అని రాయీ. మెమరీ డబుల్ రాయీ. ఫ్యాను రెండుంటే మంచిది," అని వాడు అంటుంటే నాకు వంటింట్లోకి వినపడుతూనే ఉంది. ఎల్లారావు గారు షరతులు చేర్పించారు. ఉప్పుగాలికి తుప్పు పట్టకూడదు, యాభై డిగ్రీల ఎండలో పనిచేయాలి, అమ్మేవాడికి ఇలాంటి సరుకు అమ్మిన అనుభవం అయిదేళ్లు ఉండాలి. మిగతాది మా ఆయన పాత టెండరు ఒకదాన్ని చూసి నింపారు. అది క్రేను మోటారు టెండరు. అందుకే పదకొండో షరతులో, "ఎత్తుటకు వీలుగా రెండు వైపులా కొక్కెములు ఉండవలెను" అని ఉంది.

"ఇదేటండీ?" అన్నాను కొక్కేల మీద వేలుపెట్టి.

"ఉంటే నష్టమేటి?" అన్నారు.

"అది సరే. ముందు డబ్బా ఇప్పి, లోపల ఎలాటిది పడతాదో సూడొచ్చు కదా?"

ముగ్గురూ నా వైపు చూశారు. నేనేదో గుళ్లోకి చెప్పులతో వచ్చినట్టు.

"సీలున్నాది," అన్నారు మా ఆయన.

"ఆ గ్యారంటీ రెండేళ్ల కిందటే అయిపోయింది."

"గ్యారంటీ అయిపోయింది. సీలు అయిపోలేదు కదే."

ఎల్లారావు గారు ఈ మాటకు తల ఊపి, సీలు విషయం మినిట్స్‌లో రాయమన్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కార్డు కూర్చునే గాడి చూడకుండానే కార్డు ఖాయం చేసి కమిటీ లేచింది. పకోడీల గిన్నె కూడా ఖాళీ అయింది.

కొట్లకు రిజిస్టర్డు పోస్టులో ఉత్తరాలు వెళ్లాయి. సీల్డు కవర్లలో రేట్లు పంపమని పది రోజులు గడువు. నేను రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని పాత భాగమే గుద్దుకుంటూ తోలుతున్నాను. కింద వాటాలోంచి ఎల్లారావు గారి కారు రయ్యిమని వెళుతున్న శబ్దం మా కిటికీలోకి వినపడేది. ఒకోసారి ఆయన కావాలనే సౌండు పెంచేవారని నా అనుమానం. ఇప్పటికీ అదే నా అనుమానం.

గడువు రోజు మూడు కవర్లు వచ్చాయి. ఒకటి డాబాగార్డెన్స్‌ది, ఒకటి ద్వారకానగర్‌ది, మూడోది నిసార్ గారిది. కమిటీ ముగ్గురూ కవర్ల మీద సంతకాలు పెట్టి విప్పారు. మొదటి రెండింటిలో అన్ని షరతులకూ "అంగీకరించడమైనది" అని రాసి రేట్లు వేశారు. కొక్కేలకు కూడా అంగీకరించారు. నిసార్ గారి కవర్లో ఒక అరఠావు మీద ఇలా ఉంది.

"అయ్యా, తమరు రాసిన వస్తువు నాకు అర్థం కాలేదు. కొక్కేలు ఉన్న కార్డు నేను ఇంతవరకు చూడలేదు. తమ సీపీయూ ఒకసారి కొట్టుకు తెస్తే, తెరిచి చూసి, ఏది పడుతుందో చెప్పగలను. చూసినందుకు ఏమీ ఇవ్వక్కర్లేదు. ఇట్లు, నిసార్."

"ఇది కండిషనల్ బిడ్డు," అన్నారు ఎల్లారావు గారు. "రేటు లేదు. షరతులు ఒప్పుకోలేదు. పైగా మననే రమ్మంటన్నాడు."

"రిజెక్ట్," అన్నారు మా ఆయన, అని ఎర్ర సిరాతో రాశారు. ఈ మొత్తం వ్యవహారంలో అర్థమున్న కాగితం అదొక్కటే. నేనది చెత్తబుట్టలోకి పోకుండా తీసి బియ్యం డబ్బా కింద దాచాను.

తక్కువ రేటు డాబాగార్డెన్స్ వాడిది. పోటీకి ఆరు రోజులుందనగా కార్డు వచ్చింది. అట్టపెట్టె మీద మంటలు కక్కుతున్న రాక్షసుడి బొమ్మ. పెట్టెకు రెండు వైపులా ప్లాస్టిక్ తాడుతో రెండు కర్టెన్ కొక్కేలు కట్టి పంపాడు వాడు. పదకొండో షరతు పూర్తయినట్టు మా ఆయన టిక్కు పెట్టారు. నేను దేవుడి అరలో పెట్టి బొట్టు పెట్టాను. ఆ రాక్షసుడికి కూడా పెట్టాను, ఎందుకైనా మంచిదని.

ఇక కార్డు లోపల పెట్టాలి. పెట్టాలంటే మూత తీయాలి. మూత తీయాలంటే సీలు తీయాలి. అర్జునరావును తియ్యమన్నాను. "స్పెసిఫికేషన్ ఇవ్వడం నా పనక్కా. సీలంటే మరి బావ సెప్పాలి," అన్నాడు. కోర్సులో మూత తీసే పాఠం నాలుగో నెలలో వస్తుందేమో. ఎల్లారావు గారు ఆయన పని ఖర్చు చూడటం వరకేనన్నారు. మా ఆయన, సీలు వేసినవాడి సమక్షంలోనే తీయాలి, లేకపోతే లోపల ఏదైనా లేకపోతే ఎవరు జవాబు చెబుతారు అన్నారు. 2003 నాటి కొట్టుకు ఉత్తరం రాశారు. మూడు రోజులకు అది తిరిగొచ్చింది. ఆ అడ్రసులో ఇప్పుడు కర్రీ పాయింటు నడుస్తోందని పోస్టుమాన్ చెప్పాడు.

పోటీకి మూడు రోజులు. గోరుచుట్టు మీద రోకలిపోటులా, కింద వాటాలో ఎల్లారావు గారు ఎవరితోనో, "ఈ సంవత్సరం కప్పు మనకే," అనడం నా చెవిన పడింది. ఇక ఆగలేకపోయాను.

"మీకు నాను అక్కర్లేదు, కాయితం కావాలి," అన్నాను. "స్కూటీ అడిగితే కాయితం. సీపురడిగితే కాయితం. రేపు నాను సచ్చిపోతే కట్టెలకి కూడా మూడు కొటేషన్లు పిలుత్తారు. తక్కువ రేటోడు తడి కట్టెలిత్తాడు. నాను మూడ్రోజులు కాలతాను."

అన్నాక నాకే ఎక్కువైందనిపించింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. మంచం చివర కూర్చుని, "నాకు ఎంచడం రాదే," అన్నారు. "ఒక్కసారి ఎంచినాను. నీకు తెలుసు కదా."

నాకు తెలుసు. 1982లో, మా పెళ్లయిన కొత్తలో, ఒక షెడ్డులో దీపాలు పోయి పని ఆగిపోతే, ఈయన గోపాలపట్నంలో తనకు తెలిసిన కొట్లో మంచి బల్బులని తనే ఎంచి తెచ్చారు. ఎందుకు ఆ కొట్టే అని ఎవరో అర్జీ పెట్టారు. ఆరేళ్లు ఎంక్వయిరీ నడిచింది. ఆరేళ్లు ఆయన రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచేవారు. చివరికి తప్పేం లేదన్నారు. ఆ బల్బులు కూడా చాలా ఏళ్లు వెలిగాయి. కానీ ఆ తర్వాత ఈ మనిషి తనంతట తాను ఒక వంకాయ కూడా ఏరలేదు. సంతలో మొదటి బుట్టలోవి మొదటివి తీసుకుంటారు. కానీ జాలి పడుతూ కూర్చుంటే రోడ్డు కనపడదు.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లగానే సీపీయూను దుప్పట్లో చుట్టి, జ్వరమొచ్చిన పిల్లను తీసుకెళ్లినట్టు ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. రాక్షసుడి పెట్టె, ఆట సీడీ సంచిలో పెట్టాను. సింధియా, డాక్‌యార్డు దాటి కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుని, పాత పోస్టాఫీసు సందులోకి చేరేసరికి పదకొండు.

నిసార్ గారి కొట్టు మా వంటింటి కంటే చిన్నది. ఓడల్లో వచ్చిన పాత మానిటర్లు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. యాభై ఏళ్లుంటాయి ఆయనకు, కళ్లజోడు తాడుతో మెడకు కట్టుకున్నారు. నేను బియ్యం డబ్బా కింద దాచిన ఆయన కాగితం తీసి బల్ల మీద పెట్టాను.

"అరె, కొక్కేలోళ్లా మీరు!" అన్నారు. అని నాలుక కరుచుకుని, "కూకోండమ్మా," అని స్టూలు తుడిచారు.

ముందు పెట్టెలోని కార్డు తీసి చూశారు. కింద బంగారు రంగు పళ్ల వరస చూపించి, "ఇది మీ డబ్బాలో పట్టదమ్మా. ఇది కొత్త రకం గాడి. మీది మూడేళ్ల కిందటిది, దానికి పాత గాడే ఉంటాది. తాళం మంచిదే, తలుపు ఏరు," అన్నారు.

ఇరవై రెండు రోజులు, మూడు సీల్డు కవర్లు, రెండు గిన్నెల పకోడీలు. అన్నీ కలిపి పట్టని కార్డు.

ఆయన సీపీయూను తన వైపు తిప్పుకున్నారు. తిప్పి, దాని వెనక వైపు చూస్తూ ఆగిపోయారు.

"ఈ కాయితం ఎవులు అతికించినారమ్మా?"

వంగి చూశాను. దుమ్ము పట్టి పసుపెక్కిన కాగితం. "ఆర్డరులో లేదు. వాడరాదు." కింద సంతకం. త్రినాథరావు, 14-10-2003.

"మా ఆయన," అన్నాను.

నిసార్ గారు తడి గుడ్డతో కాగితాన్ని చిరగకుండా మెల్లగా ఊడదీసి నా చేతిలో పెట్టారు. కింద ఒక సాకెట్టు ఉంది. తర్వాత మూత మీది వెండి సీలు చూపించి, "ఇది మీరు తియ్యాలి. నాను తియ్యకూడదు," అన్నారు. ముగ్గురు మగాళ్ల కమిటీ తీయలేని సీలు నా బొటనవేలి గోటికి వచ్చేసింది. చప్పుడు కూడా కాలేదు.

మూత తీశారు. లోపల దుమ్ము, ఒక చచ్చిన బొద్దింక. వాటి మధ్య పాత గాడిలో ఒక కార్డు కూర్చుని ఉంది. గ్రాఫిక్స్ కార్డు. పండగ ఆఫరు కార్డు. మూడేళ్లుగా మా ఇంట్లోనే ఉంది.

"మీ మానిటర్ తీగ ఆ పక్క సాకెట్టులో గుచ్చుకున్నారమ్మా, అది డబ్బాకి సొంతంగా ఉన్నది. ఇందులో గుచ్చాలి. ఈ కార్డుని ఎవులూ ముట్టుకోనే లేదు," అన్నారు. బ్రష్షుతో దుమ్ము దులిపి, తెర మీద ఒక సెట్టింగు మార్చి, తన మానిటర్ తీగ ఆ సాకెట్టులో గుచ్చి, పోటీ ఆట సీడీ వేశారు.

రోడ్డు వచ్చింది. గోడ గుద్దుకోకముందే కనపడింది. మలుపు దూరం నుంచే కనపడింది. పక్కన సముద్రం ఉందని నాకు తెలుసు, కానీ అది కదులుతుందని ఆ రోజే తెలిసింది. ఆ స్టూలు మీద కూర్చుని నేను ఏడ్చాను. అంత సంతోషమూ, అంత ఒళ్లు మంటా ఒకేసారి వస్తే మరేం చేస్తాం. నిసార్ గారు అటు తిరిగి స్క్రూలు వెతుక్కున్నారు.

ఎంతివ్వాలి అంటే, "ఉత్తరంలో రాసినాను కదమ్మా, సూసినందుకేటీ వద్దని. నాను సూసినాను, అంతే," అన్నారు.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను తోలుతున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి తెర చూశారు. సీలు లేని డబ్బా చూశారు. నోరు తెరవబోతుంటే, నేను ఆట ఆపి ఆ పసుపు కాగితం చేతిలో పెట్టి, జరిగింది చెప్పాను.

ఆయన బీరువా తెరిచి 2003 ఫైలు తీశారు. "వెనుక భాగమున అదనపు రంధ్రము ఒకటి, సీలు చేయడమైనది" అని రాసి ఉన్న చోట ఆ కాగితం పక్కన పెట్టి చూసుకున్నారు.

"నా సంతకమే," అన్నారు.

ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశారు. చాలా ఏళ్ల తర్వాత.

ఆదివారం క్లబ్బు హాలు నిండిపోయింది. ఆఖరి పందెం ఎల్లారావు గారికీ నాకూ వచ్చింది. రెండో చుట్టు దాకా ఆయనే ముందున్నారు. ఆయన మలుపుల్లో స్పీడు తగ్గిస్తారు, రోడ్డు స్పష్టంగా కనపడుతోంది కాబట్టి. నేను ఆరు నెలలు కనపడని రోడ్డు మీద తోలినదాన్ని. మలుపులన్నీ నా వేళ్లకు బట్టీ. ఆఖరి కొండ మలుపులో ఆయన్ని దాటేశాను. వెనక్కి చూడలేదు. హాల్లో ఆడవాళ్లు అరిచిన అరుపుకు ఫ్యాను రెక్కలు ఊగాయి. వెనక వరసలో మా ఆయన లేచి నిలబడి ఉన్నారు. చప్పట్లు కొట్టడానికి చేతులెత్తి, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసి, అయినా కొట్టారు.

"సీలు తీసిన సీపీయూతో ప్రాక్టీసు సేసినారు, అది రూలుకి ఇరుద్దం," అని ఎల్లారావు గారు ఒక అభ్యంతరం పెట్టారు. ఫైనాన్స్ ఫైనాన్సే, రేసు రేసే అన్నయ్యగారూ అన్నాను.

కప్పుతో పాటు బహుమతి డబ్బా ఇచ్చారు. విప్పితే షేవింగు సెట్టు. బ్రష్షు, సబ్బు, రేజరు, అద్దంతో సహా. క్లబ్బు కార్యదర్శి నుదురు తుడుచుకుంటూ, "బహుమతుల కమిటీ నెల కిందటే కొనీసిందమ్మా. ఆడోలు గెలుత్తారని స్పెసిఫికేషన్లో లేదు," అన్నాడు. మార్చడానికి వీలుందా అని అడిగితే, మళ్లీ కొటేషన్లు పిలవాలన్నాడు. వద్దు బాబూ అని తెచ్చేసుకున్నాను.

మర్నాడు ఉదయం నేను కాఫీ కలుపుతుంటే మా ఆయన వెనక వరండాలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నారు. చూస్తే ఆ కొత్త సెట్టు. ఎవరూ ఆర్డరు పెట్టనిది, ఒక్క కొటేషనూ లేనిది. కొత్త రేజరుకు చెయ్యి అలవాటు లేక గవద మీద తెగింది. రక్తం తుడుచుకుంటూ నా వైపు చూడకుండానే, "బానే ఉన్నాది," అన్నారు.

నేను కాఫీ గ్లాసు పక్కన ఆ 1996 నాటి స్కూటీ ఫైలు తెచ్చి పెట్టాను. దాని తాడు ముడి విప్పలేదు. ఆయన దాని వంక చూశారు. నురగ సగం మొహాన ఆరిపోతోంది. ఫైలు తెరుస్తారనుకున్నాను, గడువులు చూస్తారనుకున్నాను. ఆయన ఫైలును పక్కకు జరిపి గ్లాసు అందుకున్నారు.

"ఏ రంగే?" అన్నారు.

పదేళ్ల ఆ ఫైలులో ఇంజను గురించి ఉంది, మైలేజి గురించి ఉంది, టైర్లు, గ్యారంటీ, సర్వీసు, అన్నిటికీ మూడేసి గడులున్నాయి. రంగుకు గడి లేదు. నన్నెవరూ అడగలేదు.

"ఎరుపు," అన్నాను.

ఆయన కాగితం తియ్యలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, చొక్కా వేసుకున్నారు.